ఏ కిటికీ దగ్గర నిలబడాలె?

మెట్‌పల్లికి దగ్గరి ఒక పల్లెలో నేను బ్రాంచి పోస్టాఫీసు నడిపాను. ఊరోళ్లకు పోస్టక్కను. ఇప్పుడు మెట్‌పల్లిలో కొడుకు ఇంట్లో ఉంటున్నా ఆ పేరు పోలేదు, కాకపోతే పిల్లలు పోస్టవ్వ అంటున్నారు. ఊళ్లో చాలామందికి పింఛన్ పైసలు నా చేతుల మీదుగానే అందాయి. మాలాంటి గ్రామీణ డాక్ సేవకులకు మాత్రం నెలనెలా పింఛన్ ఉండదు. 65 నిండిన రోజున ఒకసారి ఇవ్వాల్సింది ఇచ్చి ఇంటికి పంపిస్తారు. ఇన్నేండ్లు కిటికీ లోపల కూర్చున్నదాన్ని, ఒకనాడు బయట వరుసలో నిలబడ్డాను. అక్కణ్నుంచి చూస్తే ఆఫీసులు వేరేలా కనబడతాయి.

ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో కాయితాలు చుట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఆ కవర్లు విప్పి చూడంగ చూడంగ నాకు తెలిసింది ఇదీ: ముసలివాళ్ల కోసం పెట్టిన పథకాలు తక్కువేం లేవు. అవి ఒక్కోటి ఒక్కో ఆఫీసులో, ఒక్కో బల్ల మీద ఉన్నాయి. ఏ బల్ల దగ్గరికి పోవాలో చెప్పే ఉద్యోగం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అందుకని నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాసి పెడుతున్నాను.

1. మీరు ఊరి లెక్కలో ఉన్నారా, పట్నం లెక్కలో ఉన్నారా?

చిన్న సంగతే అనిపిస్తుంది గాని చెప్పులు ఎక్కువ అరిగేది ఇక్కడే. మెట్‌పల్లి మున్సిపాలిటీ. వార్డుల్లో ఉండేవాళ్ల పింఛన్ కాయితం మున్సిపల్ ఆఫీసుకు పోతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లది పంచాయతీ కార్యదర్శి నుంచి ఎంపీడీవో ఆఫీసుకు, అక్కణ్నుంచి జగిత్యాలలో గ్రామీణాభివృద్ధి శాఖకు. పట్నంలో కొడుకు ఇల్లు కట్టాడని ఊరు విడిచి వచ్చిన తల్లికి ఆధార్ మీద ఊరి పేరు, రేషన్ కార్డు ఇంకో మండలంలో, బ్యాంకు ఖాతా కోరుట్లలో ఉంటాయి. ఆమె మున్సిపల్ ఆఫీసుకు పోతే మీ ఊరికి పొమ్మంటారు, ఊరికి పోతే మీరిక్కడ ఉంటలేరు కదా అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ముందు ఎక్కడుంటారో తేల్చుకుని ఆధార్, రేషన్ కార్డు రెండూ ఒకే చిరునామాకు తెచ్చుకోండి. ఆ తర్వాతే పింఛన్ మాట.

మిగతా ఆఫీసులు ఇట్లా ఉంటాయి. ఆదాయ ధృవపత్రం, కుటుంబ సభ్యుల ధృవపత్రం కావాలంటే మీసేవలో అర్జీ పెట్టాలి, సంతకం తాసీల్దారుది. పిల్లలు చూడటం లేదన్న అర్జీ ఆర్డీవో దగ్గర. అందరికంటే పైన కలెక్టరేట్ జగిత్యాలలో. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా మనం కరీంనగర్ జిల్లా వాళ్లం, అందుకే పెద్దవాళ్ల పాత కాయితాల మీద కరీంనగర్ అనే ఉంటుంది. దానికి భయపడాల్సిన పనిలేదు, అవి చెల్లుతాయి. బీడీల కంపెనీ పీఎఫ్ పని పడితే మాత్రం ఇప్పటికీ కరీంనగర్ పోవాల్సిందే.

2. పేరు, పుట్టిన తేదీ చక్కబడకుండా ఏ కాయితమూ పెట్టొద్దు

మా ఊళ్లో ఒక తరం మొత్తం జనవరి 1నే పుట్టింది. ఆధార్ తీసినప్పుడు పుట్టిన ఏడాది ఉజ్జాయింపుగా చెప్పినవాళ్లకు తేదీ అట్లా పడింది. ఆ ఏడాదైనా సరిగ్గా పడిందా అంటే అదీ లేదు. "రజాకార్ల గడబిడల మా అమ్మ నన్ను సంకనేసుకొని చెట్లల్ల దాక్కున్నదట బిడ్డా" అని చెప్పిన అవ్వ ఆధార్ చూస్తే 1960లో పుట్టినట్టుంది. 1948 నాటికి తల్లి సంకలో ఉన్న మనిషికి పన్నెండేండ్ల వయసు కాయితం మీద మాయమైంది. దాంతో పాటు ఆ పన్నెండేండ్లలో రావాల్సినవీ మాయమైనట్టే.

దిద్దించుకోవచ్చు. అయితే ఆధార్‌లో పుట్టిన తేదీని ఒక్కసారే మార్చనిస్తారు, పేరును రెండుసార్లు. ఆ హద్దు దాటితే హైదరాబాద్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి రాసుకోవాలి. కాబట్టి ఆధార్ సెంటర్‌లో ఉన్న పిల్లగాడు "ఏం పెట్టమంటవ్ అవ్వా" అంటే తోచింది చెప్పకండి. బడికి పోయినవాళ్లుంటే ఆ బడి రికార్డు, లేదంటే పాత ఓటరు కార్డు, పాస్‌పోర్టు, ఏది దొరికితే అది ముందు వెతికి పట్టుకోండి. ఒకప్పుడు బొంబాయికో దుబాయికో పోయొచ్చిన తాతలు పాత పాస్‌పోర్టును ట్రంకు పెట్టె అడుగున మరిచిపోతారు. దానికి మించిన సాక్ష్యం ఇంకోటి లేదు.

పేర్ల సంగతి ఇంకా గమ్మత్తు. ఇంట్లో రాజవ్వ, ఆధార్‌లో రాజమ్మ, రేషన్ కార్డులో ఒట్టి రాజు, పీఎఫ్ పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు. నలుగురూ ఒక్కరేనని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఆధార్‌లో ఎట్లా ఉందో అట్లాగే మిగతా వాటిలో మార్పించుకోండి. తిరగేసి ఆధార్‌ను మార్చబోతే ఆ రెండు అవకాశాలూ వృథా.

3. వేలిముద్ర పడకపోతే పింఛన్ పోయినట్టు కాదు

నేను ఎక్కువ తిప్పలు పడింది దీని గురించే. మెట్‌పల్లి, కోరుట్ల పక్క బీడీలు చుట్టని గల్లీ ఉండదు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు మడిచి, ఈ పనినే చిన్ననాటి నుంచి చేసిన ఆడవాళ్ల వేళ్ల కొనలు అరిగిన రూపాయి బిళ్లలా ఉంటాయి. పసుపు తవ్వే రోజుల్లో అయితే బీడీలు చుట్టనివాళ్ల చేతులు కూడా పగిలి ఉంటాయి. మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు. "అక్కా, నా యేలు పడ్తలేదట, నేను సచ్చిపోయిననుకున్నదా అది?" అని ఒకామె మిషన్‌ను తిట్టింది. కిటికీ ముందు అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

చేయాల్సినవి చెబుతాను. సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రండి. చెమట, నూనె, తంబాకు పొడి మూడూ ఉండొద్దు. చూపుడు వేలు పడకపోతే బొటనవేలు, అదీ పడకపోతే ఎడమ చెయ్యి. పది వేళ్లలో ఏదో ఒకటి బాగా పడుతుంది, అదేదో గుర్తుపెట్టుకుని ప్రతి నెలా అదే పెట్టండి. ఏ వేలూ పడటం లేదంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాప మళ్లీ తీయించుకోండి. ఆ తర్వాత కూడా పడనివాళ్ల కోసం పంచాయతీ కార్యదర్శి సాక్ష్యంగా తన వేలిముద్ర పెట్టి పైసలు ఇప్పించే ఏర్పాటు ఉంది. పోస్టాఫీసులో కూర్చున్న మనిషి "పడతలేదు, పో" అన్నాడని మీరు వెనక్కి రావద్దు. "కార్యదర్శిని పిలుస్తారా, నన్ను రమ్మంటారా" అని అడగండి. రేషన్ షాపులో వేలు పడకపోతే కనుపాప మిషన్ పెట్టమనండి.

ఇంకో మాట. వరుసగా మూడు నెలలు పింఛన్ తీసుకోకపోతే అది ఆగిపోతుంది. బిడ్డ కాన్పుకని పుణెకో భివండీకో పోయి నాలుగు నెలలుండి వచ్చే అవ్వలు ఈ సంగతి ముందే కార్యదర్శి చెవిన వేసి పోవాలి. ఆగిన పింఛన్‌ను మళ్లీ కదిలించడానికి కొత్త పింఛన్‌కు తిరిగినంత తిరగాల్సి వస్తుంది.

4. మీకు రావాల్సింది ఏ పింఛనో ముందు తేల్చుకోండి

1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛన్ మొదలుపెట్టినప్పుడు అది నెలకు 75 రూపాయలు. తర్వాత మన దగ్గర 200 అయింది. 2014 నవంబర్ 8న ఆసరా వచ్చాక 1,000, 2019లో 2,016. వయసు 57కు తగ్గించి కొత్తవాళ్లకు మంజూరు చేసింది 2022 ఆగస్టులో. తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, కొత్త పింఛన్లు రోజూ రావు. ఏండ్ల తరబడి ఏమీ ఉండదు, ఒకనాడు గుంపుగా మంజూరవుతాయి. ఆనాటికి మీ అర్జీ లోపల ఉండాలి. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన అర్జీలు తీసుకున్నప్పుడు ఇచ్చిన రశీదు ముక్క ఇంకా మీ దగ్గరుందా? ఉంటే దాని జిరాక్సు తీసి పెట్టుకోండి, ఆ సిరా నిలవదు.

వృద్ధాప్య పింఛన్ ఇంట్లో ఒక్కరికే వస్తుంది. మూడెకరాల తరి లేదా ఏడున్నర ఎకరాల కుష్కి దాటితే రాదు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది దివ్యాంగుల పింఛన్ సంగతి. అది 4,016. షుగర్‌తో కాలు తీసేసినవాళ్లు, పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు వయసు పింఛన్ 2,016 తీసుకుంటూ అదే చాలనుకుంటారు. సదరం శిబిరంలో డాక్టర్లు 40 శాతం వైకల్యం ఉందని రాసిస్తే దివ్యాంగుల కింద మార్చమని అడగొచ్చు. వినికిడికి మాత్రం 51 శాతం ఉండాలి. ఒక మనిషికి రెండు పింఛన్లు రావు గాని, రెంటిలో పెద్దది అడగడం తప్పేం కాదు. ముసలితనంలో కాళ్లూ చేతులూ పడిపోవడం మామూలే అనుకుని ఊరుకోవద్దు.

పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలికి జీవనభృతి వేరు. పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చే పింఛన్ ఇంకోటి, అది 1995 నాటి పథకం. దాంట్లో కనీసం 1,000 ఇవ్వాలని 2014 సెప్టెంబర్‌లో పెట్టారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్డు ఒకరిది, చుట్టేది ఇంకొకరు అన్న ఇళ్లు మన దగ్గర కొన్ని ఉన్నాయి. అత్త కార్డు మీద కోడలు ముప్పై ఏండ్లు చుట్టింది. అత్త పోయాక కోడలు చుట్టినట్టు ఎక్కడా రుజువు లేదు. ఇప్పుడు చుట్టే బిడ్డలకైనా చెబుతున్నా, టేకేదారుతో కొట్లాడి మీ పేరు మీదే కార్డు తీయించుకోండి.

భర్త పోతే మరణ ధృవపత్రం పట్టుకుని వితంతు పింఛన్‌కు అర్జీ పెట్టాలి. పేద ఇంట్లో సంపాదించే మనిషి అరవై లోపు చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకసారి 20,000 వస్తుంది. కొడుకు పోయిన ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తాలి.

5. ఆర్డీవో దగ్గరికి పోతే ఇజ్జత్ పోదు

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం 60 దాటినవాళ్లను పిల్లలు చూడకపోతే ఆర్డీవో అధ్యక్షుడిగా ఉండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టొచ్చు. మెట్‌పల్లి రెవెన్యూ డివిజన్ కేంద్రం కాబట్టి జగిత్యాల దాకా పోయే పని కూడా లేదు. వకీలు అక్కర్లేదు, అసలు ఈ చట్టంలో వకీళ్లకు చోటు పెట్టలేదు. తెల్ల కాయితం మీద రాసి, ఆధార్ జిరాక్సు పెట్టి ఇవ్వండి. రాయడం రాకపోతే ఇంకొకరితో రాయించి వేలిముద్ర వేయండి, మీ తరఫున మీరు నమ్మిన మనిషి కూడా ఇవ్వొచ్చు. 90 రోజుల్లో తేల్చాలి. నెలకు 10,000 వరకు పోషణ ఖర్చు ఇప్పించొచ్చు. కొడుకే కాదు, బిడ్డ, మనుమడు, మనుమరాలు కూడా దీని కిందికి వస్తారు. పిల్లలు లేనివాళ్లయితే, వాళ్ల ఆస్తి తర్వాత ఎవరికి పోతుందో ఆ బంధువును అడగొచ్చు.

"కొడుకు మీద కేసు పెట్టిందట ముసల్ది అంటరు బిడ్డా, ఇజ్జత్ పోతది" అంటారు. ఈ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. మన దగ్గర ఊరంతా ఒకరి సంగతి ఒకరికి తెలిసే ఉంటుంది. కానీ అర్జీ పెట్టగానే పోలీసులు రారు. ముందు ఇద్దరినీ పిలిచి రాజీ కుదురుస్తారు. ఆర్డీవో కుర్చీలో కూర్చుని "మీ అమ్మకు నెలకు ఎంతిస్తవు, ఎవరింట్ల ఎన్ని రోజులు" అని అడిగితే సగం కొడుకులు అక్కడే ఒప్పుకుంటారు. పెద్దమనుషుల పంచాయితీలో ఒప్పుకున్నదానికి కాయితం ఉండదు, ఇక్కడ ఉంటుంది. ఉత్తర్వు వచ్చాక ఇవ్వకపోతే జైలు దాకా పోయే వీలు కూడా చట్టంలో ఉంది.

ఇందులో 23వ సెక్షన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. భూమి బిడ్డలకు రాసిచ్చేసిన వాళ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తారు. అరవై దాటిన రైతుకు రైతుబీమా వర్తించదు కాబట్టి పట్టా కొడుకు పేరు మీదికి మారిస్తే ఇంటికి మేలని చాలామంది మార్చారు. ఆలోచన మంచిదే. కాయితంలో ఏం రాశారన్నదే తర్వాత పట్టుకుంటుంది. నన్ను చూసుకోవాలనే షరతు మీద ఇస్తున్నానని దానపత్రంలో ఉండి, కొడుకు చూడకపోతే, ఆ దానాన్ని రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. షరతు లేకపోతే? 2022 డిసెంబర్‌లో సుదేశ్ ఛిక్కారా కేసులో సుప్రీంకోర్టు, ఆ షరతు ఉన్నట్టు రుజువు కాకుండా 23వ సెక్షన్ పనిచేయదంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాయితాన్ని పట్టించుకుని మధ్యప్రదేశ్‌లోని ఆ తల్లికి ఇల్లు తిరిగి ఇప్పించింది. రెండు తీర్పులూ చూస్తే మనం చేయాల్సింది తెలుస్తుంది. దానపత్రం రాసేటప్పుడు, ఇల్లయితే సబ్ రిజిస్ట్రార్ దగ్గర, పొలమైతే తాసీల్దారు దగ్గర, "నా తిండి, మందులు, ఉండే చోటు చూసుకోవాలనే షరతు మీద ఇస్తున్నాను" అన్న వాక్యం రాయించండి. డాక్యుమెంట్ రైటర్ "గిది ఎందుకవ్వా, కొడుకే గదా" అంటాడు. కొడుకే కాబట్టి రాయమనండి. మంచి కొడుకు ఆ వాక్యాన్ని చూసి కోపం తెచ్చుకోడు.

6. దవాఖానాలో

పెద్దవాళ్లకు వేరే వరుస పెట్టాలని పైన చెప్పిన చట్టంలోనే ఉంది. లేకపోతే అడగండి, సిగ్గుపడకండి. బీపీ, షుగర్ గోలీల కోసం ప్రైవేటు మెడికల్ షాపుకు పోకముందు మీ ఆశా కార్యకర్తను అడగండి. రక్త పరీక్షలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమూనా ఇస్తే జగిత్యాలలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితంగా చేసి ఫలితం పంపుతారు. అది 2021 జూన్‌లో మొదలైంది. అయినా ప్రైవేటు ల్యాబులో వేలకు వేలు పెట్టి అవే పరీక్షలు చేయించుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను.

ఆపరేషన్ అంటే ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్ 9 నుంచి దాని పరిమితి 10 లక్షలు. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే డాక్టర్ కంటే ముందు ఆరోగ్యమిత్ర బల్ల ఎక్కడుందో చూడండి. ముందు పైసలు కట్టి తర్వాత తీసుకుందాం అనుకుంటే అది వచ్చే దారి కాదు. 70 నిండినవాళ్లకు ఆదాయం ఎంతున్నా 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబర్ 29న తెచ్చింది. ఆధార్‌లో వయసు 70 ఉంటేనే అది వస్తుంది, రెండో పాఠం ఎందుకు రాశానో చూడండి. చేరేముందు ఆ ఆస్పత్రి ఈ కార్డు తీసుకుంటుందా అని అడగండి.

కంటి శుక్లాలకు మన పక్కవాళ్లంతా కరీంనగర్ దగ్గర రేకుర్తి లయన్స్ కంటి ఆస్పత్రికి పోతారు. ఊళ్లలో శిబిరం పెట్టి తీసుకుపోయి, ఆపరేషన్ చేసి, మళ్లీ దించి పోతారు. శిబిరం ఎప్పుడో తెలుసుకుంటే చాలు.

క్యాన్సర్‌తో, పక్షవాతంతో మంచం పట్టినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు రోగం తగ్గించే మందు ఉండకపోవచ్చు, నొప్పి తగ్గించే మందు ఉంటుంది. పాలియేటివ్ కేర్ అని ప్రభుత్వ జిల్లా ఆస్పత్రుల్లో ఆ సేవ ఉంది, ఆలన అనే బండి మీద నర్సులు ఇంటికి కూడా వస్తారు. ఆశా కార్యకర్త ద్వారా పేరు రాయించండి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది రాత్రులు మూలుగుతూ గడిపారో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

7. 14567

ఈ నంబరు రాసి గోడకు అంటించండి. పెద్దవాళ్ల కోసం పెట్టిన ఎల్డర్ లైన్ ఇది. దేశమంతటా 2021 అక్టోబర్ 1న వచ్చింది గాని, టాటా ట్రస్ట్స్ పుణ్యాన తెలంగాణలో అంతకుముందే మొదలైంది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు. పింఛన్ ఎక్కడ అడగాలి, ఆశ్రమం ఎక్కడుంది, కొడుకు కొడుతున్నాడు, ఏదైనా చెప్పొచ్చు. అవసరమైతే మనిషిని పంపుతారు. ఉత్తగనే మాట్లాడాలనిపించినా మాట్లాడతారు, అదీ వాళ్ల పనే. కోర్టు సాయం కావాలంటే 15100. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు, మెట్‌పల్లి కోర్టులోని న్యాయ సేవల కమిటీని అడగండి.

8. పిల్లలు దుబాయ్‌లో ఉన్నవాళ్లకు

మన దగ్గర ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. పైసలు వస్తాయి, మనిషి రాడు. అటువంటి ఇంట్లో ముసలివాళ్లిద్దరే ఉంటే మూడు పనులు చేసి పెట్టండి. ఒకటి, కాయితాలన్నీ ఫోటో తీసి కొడుకు ఫోన్‌లోకి పంపండి, ఏ ఆఫీసులో ఏ నంబరు అడిగినా అక్కణ్నుంచి వాడు చెప్పగలుగుతాడు. రెండు, బ్యాంకు ఖాతాలో నామినీ పేరు ఉందో లేదో చూడండి. మూడు, పక్కింట్లో ఒక మనిషికి చెప్పి పెట్టండి. కొడుకు ఫోన్ చేసి "మా అమ్మ ఫోన్ ఎత్తుతలేదు, జర చూడు అక్కా" అంటే పోయి చూసే మనిషి కావాలి. 70 దాటినవాళ్లకు ఇంటికే వచ్చి బ్యాంకు పని చేసిపెట్టాలని రిజర్వు బ్యాంకు 2017లోనే అన్ని బ్యాంకులకూ చెప్పింది. మేనేజర్‌ను అడిగినవాళ్లను నేనైతే చూడలేదు.

పీఎఫ్ పింఛన్ తీసుకునేవాళ్లు ఏడాదికోసారి బతికే ఉన్నట్టు చూపాలి. దానికి కరీంనగర్ బస్సెక్కొద్దు. పోస్ట్‌మ్యాన్ ఇంటి దగ్గరే చేసిపెడతాడు. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఫోన్ చేసి "మీ లైఫ్ సర్టిఫికెట్ అయిపోయింది, ఓటీపీ చెప్పండి" అనేవాడు మాత్రం దొంగ. పైసలు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ తిరిగి దొరికే ఆశ తగ్గుతుంది. ఏటీఎం కార్డు, దాని నంబరు కలిపి ఒకే కవర్లో పెట్టి మనుమడికి ఇచ్చే తాతలకు నేనేం చెప్పలేను.

9. ఆఫీసు కంటే ముందు మనిషిని పట్టుకోండి

జపాన్‌లో 2000 నుంచి ముసలివాళ్ల సంరక్షణకు బీమా ఉంది. అక్కడ సేవ కావాల్సిన పెద్దమనిషికి కేర్ మేనేజర్ అని ఒకరుంటారు. ఈమెకు వారంలో ఎన్నిసార్లు స్నానం చేయించాలి, ఏ డాక్టర్ రావాలి, ఏ సాయం అడగాలి అన్నీ రాసి ఏర్పాటు చేసేది ఆ మనిషే. మనకు ఆ ఉద్యోగం లేదు. ఆ పనిని నాలుగైదుగురు ముక్కలు ముక్కలుగా చేస్తున్నారు. ఆశా కార్యకర్తకు ఎవరింట్లో ఎవరు మంచం మీదున్నారో తెలుసు. మహిళా సంఘం వీవోఏకు పింఛన్ జాబితాలో ఎవరి పేరుందో తెలుసు. పోస్ట్‌మ్యాన్‌కు ఎవరింటికి ఉత్తరం వచ్చి ఎవరూ లేక తిరిగిపోయిందో తెలుసు. పంచాయతీ కార్యదర్శి సంతకం పెట్టగలడు. పట్నంలో వార్డు ఆఫీసర్, బిల్ కలెక్టర్. వీళ్లలో ఒక్కరితోనైనా మంచిగుంటే మిగతావి దొరుకుతాయి.

దళారి కూడా మనిషే కదా అనొచ్చు. అవును, అతనికి అన్ని కిటికీలూ తెలుసు, అందుకే బతుకుతున్నాడు. కానీ అతను మీ ఆధార్, మీ ఓటీపీ, మొదటి నెల పింఛన్ అడుగుతాడు. ఆశా కార్యకర్త చాయ్ ఇస్తే తాగుతుంది, అంతే.

జగిత్యాలలో సీనియర్ సిటిజన్ల సంఘం గట్టిగా పనిచేస్తుంది. ఆర్డీవోల దగ్గర పెట్టే అర్జీలు రాసిపెట్టడం, వాయిదాలకు తోడుపోవడం వాళ్లు చేస్తారు. రిటైరైన టీచర్లు, ఉద్యోగులే ఎక్కువ కాబట్టి బీడీలు చుట్టిన అవ్వలు అక్కడికి పోవడానికి వెనకాడతారు. వెనకాడొద్దు. నిజానికి సంఘం వాళ్లే గల్లీల్లోకి రావాలని నా మనవి.

10. సోమవారం ప్రజావాణి

కింది ఆఫీసుల్లో తేలనిది సోమవారం జగిత్యాల కలెక్టరేట్‌లో ఇవ్వాలి. నోటితో చెబితే లెక్క కాదు, కాయితం ఇచ్చి దాని మీద నంబరు వేయించుకోండి. ఏ తేదీన ఎవరికి అర్జీ ఇచ్చారో, వాళ్లేం చెప్పారో రెండే రెండు వాక్యాల్లో రాయండి. కలెక్టర్ దగ్గర మీకు దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు అత్తాకోడళ్ల కథతో పోతే అసలు అడగాల్సింది మిగిలిపోతుంది. ఒక అర్జీలో ఒకటే అడగండి. పింఛన్, ఇల్లు, రోడ్డు మూడూ రాస్తే ఆ కాయితం మూడు శాఖల మధ్య తిరుగుతుంది.

పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నానికి జనం పెరుగుతారు. గోలీల డబ్బా, నీళ్ల సీసా సంచిలో పెట్టుకోండి. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు పైసలు పడవు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోరుట్ల మీదుగా తొందరగానే చేరుకుంటారు. ఆధార్ అసలు కార్డు పట్టుకుపోండి, జిరాక్సు చూపిస్తే కండక్టర్ పైసల టికెట్ కొడుతుంది.